ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ: మన చట్టాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నిరాయుధీకరణ అనగానే ఐక్యరాజ్యసమితిలో ప్రసంగాలు, సంతకాలు, కరచాలనాల ఫొటోలు గుర్తొస్తాయి. చట్టం మాత్రం అంతకన్నా కింద, మామూలు చోట్ల పనిచేస్తుంది: ఫ్యాక్టరీ స్టాకు రిజిస్టరులో, షిప్పింగ్ బిల్లులో, ఈమెయిల్‌కి అటాచ్ చేసిన డ్రాయింగులో. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు కెమికల్, బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లు, ఎగుమతి పేపర్లు చూసేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఇది అవగాహన కోసమే. నోటీసు చేతికి వచ్చాక చూడాల్సింది లాయర్ని.

ఆయుధ నియంత్రణ చట్టం అంటే తుపాకీ లైసెన్సుల చట్టమేనా?

కాదు. తుపాకీ లైసెన్సుల సంగతి చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం. 2019లో దాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. అది శాంతిభద్రతల వ్యవహారం.

ఈ పేజీలో మాట్లాడేది దేశాల మధ్య ఒప్పందాలతో ముడిపడిన చట్టాల గురించి: అణు, రసాయన, జీవాయుధాలు, వాటిని మోసుకెళ్లే క్షిపణులు, వాటి తయారీకి పనికొచ్చే సరుకు, పరిజ్ఞానం.

అయితే అవి ఏయే చట్టాలు?

ముఖ్యంగా మూడు. 2000లో చేసిన రసాయన ఆయుధాల ఒప్పంద చట్టం మొదటిది. ఇది అమల్లోకి వచ్చింది మాత్రం 2005 జూలై 1న. రెండోది 2005లో చేసిన సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం. మూడోది 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం. 2010లో దీనికి ఒక అధ్యాయం చేర్చి, ఆయుధాలకు పనికొచ్చే సరుకు, టెక్నాలజీ ఎగుమతులపై అదుపు తెచ్చారు. వీటికి తోడు అణుశక్తి చట్టం, కస్టమ్స్ చట్టం ఎలాగూ ఉన్నాయి.

రాష్ట్ర ప్రభుత్వానికి ఇందులో ఏమైనా పాత్ర ఉందా?

చట్టం చేసే అధికారం లేదు. ఆయుధాలు, అణుశక్తి, విదేశీ ఒప్పందాలు మూడూ రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోనే ఉన్నాయి. పైగా అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేయడానికి ఏ అంశంపైనైనా చట్టం చేసే వీలు 253వ అధికరణ పార్లమెంటుకు ఇస్తుంది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్షన్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు రాష్ట్రం చూసుకుంటుంది కానీ, అవి వేరే చట్టాల కింద జరిగే పనులు. కాలుష్య మండలి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకునే యూనిట్లు చాలానే ఉంటాయి. దానికీ దీనికీ సంబంధం లేదు.

"నిరాయుధీకరణ చట్టం" అని మన దేశంలో ఒకటి ఉందా?

ఆ పేరుతో లేదు. మన నిరాయుధీకరణ విధానం ఎక్కువగా ప్రకటనల్లో ఉంది. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ అణు పరీక్షలను నిలిపేయాలని పార్లమెంటులో పిలుపునిచ్చారు. 1988 జూన్ 9న రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి ముందు ఒక కార్యాచరణ ప్రణాళిక పెట్టారు, 2010 నాటికి అణ్వాయుధాలు లేని ప్రపంచం దాని లక్ష్యం. పదేళ్లకే, 1998 మేలో, పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపాం.

చట్టం రూపంలో ఈ విధానం కనిపించేది 2005 చట్టపు పీఠికలో. ఓపిగ్గా చదవాల్సిన పేజీ అది. అణ్వాయుధ దేశంగా తన భద్రతను కాపాడుకోవాలని భారత్ నిశ్చయించుకుందని అందులోనే ఉంటుంది. ప్రపంచవ్యాప్త అణు నిరాయుధీకరణ లక్ష్యానికి కట్టుబడి ఉందనీ అందులోనే ఉంటుంది. రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందంటే, చట్టంలో అసలు పని చేసే సెక్షన్లు వేరే విషయం పట్టుకుంటాయి: మన దగ్గరున్నది ఇంకొకరి చేతికి పోకూడదు. నా ఉద్దేశంలో దీన్ని నిరాయుధీకరణ చట్టం అనడం కన్నా వ్యాప్తి నిరోధక చట్టం అనడమే సబబు.

"అణ్వాయుధం ముందుగా మేం వాడం" అన్న మాట చట్టంలో ఉందా?

ఏ చట్టంలోనూ లేదు. భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ 2003 జనవరి 4న విడుదల చేసిన అణు సిద్ధాంతంలో ఉంది. అణు పరీక్షలు మళ్లీ జరపబోమన్నది కూడా 1998లో స్వచ్ఛందంగా ఇచ్చిన మాటే. వీటిని మార్చాలంటే పార్లమెంటులో బిల్లు పెట్టక్కర్లేదు, కేబినెట్ నిర్ణయం చాలు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. చాలా గైడ్లలో రెండూ కలిపేసి రాస్తారు.

2005 చట్టం అప్పుడే ఎందుకు వచ్చింది?

2004 ఫిబ్రవరిలో పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ.ఖాన్ టీవీ ముందుకు వచ్చి, అణు పరిజ్ఞానం బయటి దేశాలకు చేరవేసినట్టు ఒప్పుకున్నారు. ఒక ప్రైవేటు నెట్‌వర్క్ మధ్యవర్తులు, ఓడలు, మామూలు ఇంజినీరింగ్ వర్క్‌షాపుల సాయంతో అంత పని చేయగలిగిందని తెలిసి ప్రపంచం ఉలిక్కిపడింది. ఆ ఏడాది ఏప్రిల్ 28న భద్రతా మండలి 1540 తీర్మానం చేసింది. ఇలాంటి పనులను నేరంగా చూసే చట్టాలు ప్రతి దేశం చేయాల్సిందేనంది. అణు వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేయని మనకు కూడా అది వర్తించింది.

మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. 2005 జూలై 18న అమెరికాతో పౌర అణు సహకారంపై ఉమ్మడి ప్రకటన వెలువడటానికి కొద్ది వారాల ముందు. ఇది కాకతాళీయం అని నేననుకోను. "మా ఇల్లు మేం చక్కబెట్టుకున్నాం" అని చూపించుకోవాల్సిన అవసరం అప్పుడు ఢిల్లీకి ఉంది.

ఆ చట్టం కింద ఏది నేరం? శిక్ష ఎంత?

చట్టవిరుద్ధంగా అణు, రసాయన, జీవాయుధాలు తయారు చేయడం, సంపాదించడం, దగ్గర పెట్టుకోవడం, తరలించడం నేరం. ఇక్కడ "చట్టవిరుద్ధంగా" అంటే కేంద్ర ప్రభుత్వ అధికారం లేకుండా అని చట్టమే నిర్వచించింది. ప్రభుత్వ అణు కార్యక్రమం ఈ నిషేధంలోకి రాకుండా ఉండేది ఆ ఒక్క మాటతోనే.

శిక్ష కనీసం ఐదేళ్ల జైలు, యావజ్జీవం దాకా ఉండొచ్చు, జరిమానా అదనం. ఉగ్రవాదులకు సాయం చేసే ఉద్దేశంతో చేసినా ఇంతే. అనుమతి లేని ఎగుమతికి మొదటిసారి రూ.3 లక్షల నుంచి రూ.20 లక్షల దాకా జరిమానా, రెండోసారి అయితే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. కేంద్రం అనుమతి లేకుండా కోర్టు ఈ కేసులను విచారణకు తీసుకోదు. అంటే పక్క ఫ్యాక్టరీ మీద కోపంతో ఎవరో నేరుగా కోర్టుకెక్కి ఈ చట్టం కింద కేసు నడపడం కుదరదు.

మేం ట్రాన్స్‌పోర్ట్ వాళ్లం. పార్శిల్లో ఏముందో మాకేం తెలుస్తుంది?

తెలియకుండా మోసినందుకు నేరం కాదు. ప్రతిఫలం తీసుకుని, తెలిసి తెలిసి నిషిద్ధ లావాదేవీ కుదిర్చేవాళ్లను, అంటే బ్రోకర్లను, చట్టం పట్టుకుంటుంది. కొరియర్, పోస్టు, టెలికాం, ఆర్థిక సేవలవాళ్లకు, విషయం తెలియనంత వరకు, మినహాయింపు అందులోనే రాసి ఉంది. అయితే తెలుసా తెలియదా అన్నది దర్యాప్తులో తేలే సంగతి. సరుకు పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అని మీకే అనుమానం వచ్చాక కూడా బండి కదిలిస్తే, తెలియదనే మాట నిలబడటం కష్టం.

ఓడల్లో నిజంగా ఇలాంటివి దొరికాయా?

దొరికాయి. 1999 జూన్‌లో గుజరాత్‌లోని కాండ్లా రేవులో ఉత్తర కొరియా ఓడ కు వోల్ సాన్‌ను తనిఖీ చేస్తే క్షిపణుల విడిభాగాలు, డ్రాయింగులు బయటపడ్డాయి.

2020 ఫిబ్రవరిలో మళ్లీ కాండ్లాలోనే ఇంకో సంఘటన. చైనా నుంచి కరాచీ దగ్గరి పోర్ట్ కాసిమ్‌కు వెళ్తున్న డా క్యుయ్ యున్ అనే ఓడను ఆపారు. కాగితాల్లో "ఇండస్ట్రియల్ డ్రయ్యర్" అని ఉంది. విప్పి చూస్తే పెద్ద ఆటోక్లేవ్. డీఆర్‌డీవో నిపుణులను పిలిపించి చూపిస్తే, పౌర, సైనిక అవసరాలు రెండింటికీ వాడదగిన పరికరమని తేల్చారు. ఆటోక్లేవ్ అనేది వింత వస్తువేం కాదు. అధిక పీడనంలో వేడి చేసే పాత్ర, కాంపోజిట్ భాగాలు తయారు చేసే ఏ ఫ్యాక్టరీలోనైనా ఉంటుంది. కానీ ఘన ఇంధన రాకెట్ మోటారు కేసింగ్ తయారీలో కూడా దానికి పనుంది. చిక్కంతా ఇక్కడే: ఈ చట్టాలు పట్టుకోవాల్సిన వస్తువుల్లో చాలా వాటికి న్యాయమైన వాడకం కూడా ఉంటుంది.

నేను అమెరికాలో ఉంటాను. ఈ చట్టం నాకు వర్తిస్తుందా?

భారత పౌరులైతే వర్తిస్తుంది. 2005 చట్టం దేశం బయట ఉన్న భారత పౌరులకు, ఇక్కడ నమోదై విదేశాల్లో శాఖలు ఉన్న కంపెనీలకు, మన దేశంలో ఉన్న విదేశీయులకు కూడా వర్తిస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ చివరి వరసలోకి వస్తారు.

అమెరికాలో ఉన్నంతకాలం అక్కడి నిబంధనలూ తప్పవు. హెచ్1బీ కోసం కంపెనీ వేసే ఐ-129 ఫారంలో ఒక భాగం దీనికోసమే ఉంది: ఈ ఉద్యోగికి చూపించబోయే టెక్నాలజీకి ఎగుమతి లైసెన్సు అవసరమా లేదా అని యజమాని ధ్రువీకరించాలి. అమెరికా గడ్డ మీదే విదేశీయుడికి టెక్నాలజీ చూపించినా ఎగుమతి కిందే లెక్క కడతారు. కొన్ని ప్రాజెక్టుల్లోకి మనవాళ్లను తీసుకోరెందుకు అని అడిగేవాళ్లకు జవాబు చాలాసార్లు ఇదే.

2022లో ఏం మారింది?

డబ్బు. 2005 చట్టంలో తయారీ, రవాణా, ఎగుమతి ఉన్నాయి కానీ, వాటికి పెట్టుబడి పెట్టడంపై నిషేధం స్పష్టంగా లేదు. 2022 ఏప్రిల్‌లో విదేశాంగ మంత్రి జైశంకర్ సవరణ బిల్లు పెట్టారు. ఏప్రిల్ 6న లోక్‌సభ, ఆగస్టు 1న రాజ్యసభ ఆమోదించాయి. 12ఏ సెక్షన్ వచ్చింది. ఇలాంటి పనులకు డబ్బు సమకూర్చడం నేరమైంది. నిధులు, ఆస్తులు స్తంభింపజేసే, జప్తు చేసే అధికారం కేంద్రానికి దక్కింది. బ్యాంకుల్లో ఎగుమతి ఖాతాలు చూసేవాళ్లకు ఖాతాదారులను నిషేధిత వ్యక్తులు, సంస్థల పేర్ల జాబితాలతో పోల్చి చూసే పని, దాంతోపాటు టెన్షన్, రెండూ పెరిగాయి.

మన దేశం దగ్గర ఎప్పుడైనా రసాయన ఆయుధాలు ఉండేవా?

ఉండేవి. ఇది విని ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లు ఉన్నారు. 1992 ఆగస్టులో రసాయన ఆయుధాలు తయారు చేయం, సంపాదించం అని పాకిస్తాన్‌తో కలిసి ప్రకటన చేశాం. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంపై 1993 జనవరిలో సంతకం చేసి, 1996 సెప్టెంబరులో ఆమోదించాం. ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. ఆ జూన్‌లో మన దగ్గర నిల్వలు ఉన్నాయని భారత్ అధికారికంగా వెల్లడించింది: 1,044 టన్నుల సల్ఫర్ మస్టర్డ్. ఒంటిమీద పడితే బొబ్బలెక్కించే విషం అది.

అంతర్జాతీయ తనిఖీదారుల కళ్లెదుటే ఆ నిల్వలను నాశనం చేస్తూ వచ్చి 2009లో పూర్తి చేశాం. అల్బేనియా, దక్షిణ కొరియా తర్వాత ఈ పని ముగించిన మూడో దేశం మనది. అమెరికా తన నిల్వల్లో ఆఖరిది నాశనం చేసింది 2023 జూలైలో. మనం నిజంగా ఆయుధాలు వదులుకున్న సందర్భం ఏదని అడిగితే చూపించగలిగేది ఇదే. దీని గురించి మనవాళ్లు చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

మాది బల్క్ డ్రగ్ యూనిట్. థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ వాడతాం. మేం రిపోర్టు చేయాలా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది, కాస్త వివరంగా చూద్దాం. ఒప్పందం రసాయనాలను మూడు షెడ్యూళ్లుగా విడగొట్టింది. మొదటి దాంట్లో సారిన్, మస్టర్డ్ లాంటి అసలు ఆయుధాలు ఉంటాయి. రెండో దాంట్లో ఆయుధానికి ఒక మెట్టు ముందుండేవి: ఉదాహరణకు థయోడైగ్లైకాల్, ఇది బాల్ పెన్ను ఇంకులో కూడా వాడే ద్రవం. మూడో దాంట్లో పరిశ్రమల్లో టన్నుల్లెక్కన తిరిగేవి: ఫాస్జీన్, ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్, ట్రైఇథనాలమీన్, మీరడిగిన రెండూ.

మూడో షెడ్యూలు రసాయనానికి ఏడాదికి 30 టన్నులు దాటితే డిక్లరేషన్ ఇవ్వాలి. కానీ అది ఉత్పత్తికి మాత్రమే. డ్రమ్ముల్లో కొని రియాక్టరులో వాడుకునే యూనిట్‌కు, వాడకం ఎంతైనా, ఈ షెడ్యూలు కింద ప్లాంటు డిక్లరేషన్ అవసరం పడదు. రెండో షెడ్యూలు అలా కాదు. అక్కడ ఉత్పత్తి, ప్రాసెసింగ్, వాడకం మూడూ లెక్కలోకి వస్తాయి. చాలా రసాయనాలకు పరిమితి ఒక్క టన్నే, కొన్నింటికి ఇంకా తక్కువ.

అంతటితో ఊపిరి పీల్చుకోకండి. మీరు తయారు చేసే మందు సరుకే సేంద్రియ రసాయనం. ఏ షెడ్యూల్లోనూ లేని సేంద్రియ రసాయనాలు సింథసిస్ ద్వారా ఏడాదికి 200 టన్నులు దాటి తయారు చేస్తే అదీ డిక్లేర్ చేయాలి. చాలా యూనిట్లు జారిపడేది ఇక్కడే. ఫాస్ఫరస్, సల్ఫర్, ఫ్లోరిన్‌లలో ఏదైనా ఉన్న ఒక్కో రసాయనానికైతే పరిమితి 30 టన్నులే.

ఇంకో చిన్న ముడి. ఈ లెక్క క్యాలెండర్ ఏడాదిది, జనవరి నుంచి డిసెంబరు దాకా. మన ఖాతాలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తాయి. అకౌంట్స్ వాళ్లు ఆర్థిక సంవత్సరం అంకెలు తీసి ఇచ్చేస్తే డిక్లరేషన్ తప్పుల తడకవుతుంది. ఏడాది ముగిసిన 90 రోజుల్లో దేశం తరఫున వివరాలు ద హేగ్‌లోని అంతర్జాతీయ సంస్థకు చేరాలి, కాబట్టి కంపెనీలకు ఇచ్చే గడువు అంతకన్నా ముందే ఉంటుంది.

తనిఖీకి నిజంగా విదేశీయులు వస్తారా?

వస్తారు. ద హేగ్ నుంచి వచ్చే బృందం వెంట మన జాతీయ అథారిటీ అధికారులు ఉంటారు. ఈ అథారిటీ కేబినెట్ సెక్రటేరియట్ కింద పనిచేస్తుంది. రెండో షెడ్యూలు ప్లాంటుకు 48 గంటల ముందు, మూడో షెడ్యూలు, ఇతర సేంద్రియ రసాయనాల ప్లాంట్లకు 120 గంటల ముందు కబురు అందుతుంది. వాళ్లు చూసేది డిక్లరేషన్‌కూ, ప్లాంటులో పైపులైన్లకూ, బ్యాచ్ రికార్డులకూ పొంతన ఉందా అని, మొదటి షెడ్యూలు రసాయనం ఛాయలు లేవు కదా అని. మీ ప్రాసెస్ రహస్యాలు కాపాడుకునే హక్కు మీకుంది. సంబంధం లేని ప్యానెళ్లను, కాగితాలను కప్పి ఉంచొచ్చు. దాచినట్టు కాకుండా, ముందే చెప్పి.

ఆముదం మిల్లుకు కూడా ఇది వర్తిస్తుందని విన్నాం. నిజమా?

ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్పొచ్చు. ఆముదం గింజలో ఉండే రిసిన్ అనే విషం మొదటి షెడ్యూల్లో, సారిన్ పక్కనే ఉంది. పాలమూరు వైపు మెట్ట చేలల్లో ఆముదం పండించే రైతుకు ఆ సంగతి చెబితే నవ్వుతాడు. గింజ వేడి చేసి నూనె తీసే పద్ధతిలో రిసిన్ శక్తి కోల్పోతుంది. అందుకే ఆముదం నూనె మిల్లులు మొదటి షెడ్యూలు రిపోర్టింగ్ కిందకు రావని ఒప్పంద సభ్య దేశాలే తేల్చాయి. రిసిన్‌ను వేరుచేసి శుద్ధి చేస్తే మాత్రం అది పూర్తిగా వేరే కథ.

స్కోమెట్ అంటే ఏమిటి?

ప్రత్యేక రసాయనాలు, సూక్ష్మజీవులు, పదార్థాలు, పరికరాలు, టెక్నాలజీల జాబితా. అనుమతి లేకుండా దేశం దాటకూడని వాటన్నిటినీ ఇందులో 0 నుంచి 8 దాకా కేటగిరీలుగా పెట్టారు. సున్నా అణు పదార్థాలు, వాటికి అనుమతి అణుశక్తి విభాగం ఇస్తుంది. ఆరు సైనిక సామగ్రి, దానికి రక్షణ ఉత్పత్తి విభాగం. మిగతావాటిలో చాలావరకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అదే డీజీఎఫ్‌టీ, పలు మంత్రిత్వ శాఖల కమిటీతో చర్చించి ఇస్తుంది. ఎనిమిదో కేటగిరీలో ఎలక్ట్రానిక్స్, ఎన్‌క్రిప్షన్, సెన్సర్లు ఉంటాయి, హైదరాబాద్ కంపెనీలకు ఎక్కువగా తగిలేది అదే.

ఈ జాబితా ఇంత పొడుగవడానికి కారణం ఉంది. క్షిపణి టెక్నాలజీ నియంత్రణ బృందంలో 2016లో, మామూలు ఆయుధాల ఎగుమతులు చూసే వాసెనార్ బృందంలో 2017లో, రసాయన, జీవాయుధాలకు పనికొచ్చే సరుకు చూసే ఆస్ట్రేలియా గ్రూపులో 2018లో మనం చేరాం. వాళ్ల జాబితాలతో మన జాబితాను కలుపుకుంటూ వచ్చాం. అణు సరఫరా దేశాల బృందంలో ఇంకా చోటు దక్కలేదు.

సరుకేమీ పంపడం లేదు, డ్రాయింగు ఈమెయిల్ చేస్తున్నాం. దానికి కూడా అనుమతి కావాలా?

ఆ టెక్నాలజీ జాబితాలో ఉంటే కావాలి. ఈమెయిల్, క్లౌడ్ ఫోల్డర్, ఫోన్లో వివరించడం, ఏదైనా సరే. ఓడరేవులో కస్టమ్స్ ఉంటుంది కాబట్టి సరుకు విషయంలో జాగ్రత్త పడతారు. ఇన్‌బాక్స్ దగ్గర ఎవరూ ఉండరు, కాబట్టి అక్కడే పొరపాట్లు జరుగుతాయి.

మా వస్తువు జాబితాలో లేదు. ఇక భయం లేనట్టేనా?

పూర్తిగా కాదు. జాబితాలో లేకపోయినా, అది ఆయుధాల తయారీకి వెళ్తుందని మీకు తెలిస్తే లేదా ప్రభుత్వం మీకు చెబితే అనుమతి అవసరం. కొనేవాడు వాడకం గురించి అడిగితే దాటవేస్తున్నాడా, ఇన్‌స్టలేషన్ వద్దంటున్నాడా, మార్కెట్ ధరకన్నా ఎక్కువకు నగదు ఇస్తానంటున్నాడా, డెలివరీ అడ్రసు ట్రావెల్ ఏజెంటుదా? ఇలాంటివి కనిపిస్తే ఆర్డరు ఎంత పెద్దదైనా ఆగాలి. నెలాఖరు టార్గెట్ల ఒత్తిడిలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు.

వ్యవసాయ డ్రోన్ల ఎగుమతికి కూడా లైసెన్సు తిప్పలేనా?

తగ్గాయి. 25 కిలోమీటర్ల లోపు వెళ్తూ 25 కిలోల లోపు బరువు మోసే పౌర డ్రోన్ల కోసం 2023లో ఒక సాధారణ అనుమతి తెచ్చారు. షరతులకు లోబడి, ప్రతి కన్‌సైన్‌మెంటుకూ విడిగా లైసెన్సు అడగక్కర్లేదు.

మనం సంతకం చేయని ఒప్పందాలు ఏవి?

అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం, సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం, 2017లో వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం, మందుపాతరలపై ఒటావా ఒప్పందం. ఆయుధ వాణిజ్య ఒప్పందంపై 2013లో ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం. 1968 నాటి అణు వ్యాప్తి నిరోధక ఒప్పందంపై మన అభ్యంతరం పాతదే: 1967కు ముందు పరీక్ష చేసిన ఐదు దేశాలకు ఒక న్యాయం, మిగతావాళ్లకు ఇంకో న్యాయం. జీవాయుధాల ఒప్పందంలో మాత్రం 1974 నుంచే ఉన్నాం.

విధానాన్నే చట్టంగా చేసుకున్న దేశాలు ఉన్నాయా?

న్యూజిలాండ్. 1985లో అమెరికా యుద్ధనౌక బుకానన్ రాకకు అనుమతి నిరాకరించింది. అందులో అణ్వాయుధాలు ఉన్నదీ లేనిదీ అమెరికా చెప్పదు, చెప్పకపోతే న్యూజిలాండ్ రానివ్వదు. 1987లో ఆ వైఖరినే అణురహిత ప్రాంత, నిరాయుధీకరణ, ఆయుధ నియంత్రణ చట్టంగా మార్చేశారు. వచ్చే విదేశీ యుద్ధనౌకలో అణ్వాయుధం లేదని ప్రధానమంత్రికి నమ్మకం కుదరాలి, అప్పుడే అనుమతి. అణు ఇంధనంతో నడిచే ఓడలకు ప్రవేశమే లేదు. ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రజా కమిటీని కూడా ఆ చట్టమే ఏర్పాటు చేసింది. ఆస్ట్రియా 1999లో, మంగోలియా 2000లో తమ అణురహిత హోదాను చట్టంలో రాసుకున్నాయి.

మనకు అలాంటి చట్టం సరిపడదు, చుట్టుపక్కల పరిస్థితి వేరు. కానీ "ముందుగా వాడం" అన్న మాటపై పార్లమెంటులో ఒక్కసారైనా ఓటింగ్ జరిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

రికార్డులు ఎన్నాళ్లు దాచాలి?

స్కోమెట్ ఎగుమతుల కాగితాలు ఐదేళ్లు. ఎండ్ యూజర్ సర్టిఫికెట్ (సరుకును చివరికి ఎవరు, దేనికి వాడతారో రాసిచ్చే పత్రం), కొనుగోలుదారుతో నడిచిన ఈమెయిళ్లు, షిప్పింగ్ బిల్లు, అన్నీ ఒకే చోట పెట్టండి. ఉద్యోగం మానేసినవాళ్ల మెయిల్ అకౌంట్లు తీసేసేముందు ఎగుమతుల తాలూకు మెయిళ్లను వేరుగా సేవ్ చేయించండి. అడిగినప్పుడు దొరకనివి ఎక్కువగా అవే.